డార్ట్‌మూర్ రీవ్‌లు: పొలం గట్లా, పాత బాటలా?

ఎక్సెటర్_వాసి

డెవాన్‌లోని డార్ట్‌మూర్ గురించి ఈ వేదికలో ఇంతవరకు ఎవరూ రాసినట్టు కనబడలేదు కాబట్టి కొత్త చర్చ మొదలుపెడుతున్నాను. ఇంగ్లండ్ నైరుతి మూలన 954 చదరపు కిలోమీటర్ల మేర ఉన్న ఈ జాతీయ ఉద్యానవనం చాలావరకు గ్రానైట్ మెట్ట ప్రాంతం. చెట్లు తక్కువ, గాలి ఎక్కువ, గుట్టల కొనల మీద టోర్ అని పిలిచే బండల గుంపులు. ఆ గుట్టల వాలులలో మోకాలి ఎత్తుకు మించని, గడ్డి కప్పేసిన రాతి గట్లు కిలోమీటర్ల కొద్దీ సాగుతాయి. వీటినే రీవ్‌లు అంటారు. అన్నింటి పొడవూ కలిపితే 200 కిలోమీటర్లకు తగ్గదు. వీటిలో ఎక్కువ భాగం దాదాపు క్రీ.పూ. 1700కు, 1500కు మధ్య, అంటే కంచుయుగంలో కట్టినవని పురావస్తు శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

నా సందేహం ఏమిటంటే, 19వ శతాబ్దపు రచనలలో ఇవే గట్లను ప్రాచీన బాటలుగా వర్ణించారు. శామ్యూల్ రో 1848లో వెలువరించిన డార్ట్‌మూర్ వర్ణనలో కూడా వీటిని ట్రాక్‌వేలనే అన్నారు. మూర్ (అంటే ఈ మెట్ట బీడు) నడుమ తూర్పు పడమరలుగా సాగే ఒక గీతకు ‘గ్రేట్ సెంట్రల్ ట్రాక్‌వే’ అని పేరే పెట్టారు. ఇప్పుడు అటువంటి గీతలనే భూమి సరిహద్దులంటున్నారు. అంత చదువుకున్న వారు గోడను చూసి బాట అని ఎలా అనుకున్నారు? పైగా ఆ గట్ల మధ్య నిజమైన బాటలు కూడా ఉన్నాయంటున్నారు. నేలమీద నిలబడి చూసేవాడు దేన్ని గట్టు అనాలో, దేన్ని బాట అనాలో తెలిసేదెలా?

మట్టిగట్టు

మంచి ప్రశ్న వేశారు. ఆ పొరపాటుకు కారణం నేలమీదే ఉంది. మూడున్నర వేల ఏళ్లలో గోడ కూలి, రాళ్లు రెండు వైపులా జారి, మధ్యలో మట్టి చేరి, రెండు మూడు మీటర్ల వెడల్పున చదునైన రాతి పట్టీలాగా మిగిలింది. చుట్టూ ఉన్నది అడుగు వేస్తే దిగబడే బురద నేల. అందులో ఎండుగా, గట్టిగా, చక్కగా ముందుకు పోయే రాతి పట్టీ ఏదైనా కనబడితే మనిషైనా గొర్రె అయినా దాని మీదనే నడుస్తుంది. నేటికీ అక్కడికి వెళ్లినవారు అదే చేస్తారు. కాబట్టి నడిచినవారు దానిని బాట అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. రోమన్లకు ముందటి బ్రిటన్ ప్రజలు వేసిన రహదారులు దొరికాయని చెప్పుకోవాలన్న ఉబలాటం కూడా ఆ కాలపు పండితులకు కొంత ఉండేది.

అసలు ఆశ్చర్యం తరువాత జరిగిన దానిలో ఉంది. బాటల వాదం చెల్లదని తేలిన తరువాత, ఆ గట్లను కూడా దానితోపాటే పక్కన పెట్టేశారు. 20వ శతాబ్దంలో చాలాకాలం వరకు డార్ట్‌మూర్ అంటే రాతి వరుసలు, సమాధులు, గుండ్రటి ఇళ్లు మాత్రమే. ఆ ఇళ్ల చుట్టూ కొండకొమ్ముల మీదుగా పోయే గట్లను లెక్కలోకి తీసుకున్నవారు లేరు. 1968లో ఎలిజబెత్ గాన్, జాన్ సోమర్స్ కాక్స్ సమాంతర రీవ్‌ల మీద వ్యాసం రాశారు. 1970 దశకంలో షెఫీల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ ఫ్లెమింగ్ వాటిని కాలినడకన గుర్తిస్తూ పటాలకెక్కించారు. అప్పుడు తెలిసింది, ఇవి విడివిడి గోడలు కావని, సుమారు 10,000 హెక్టార్లను పంచుకున్న ఒక అమరిక అని.

ఆ అమరిక తీరు స్థూలంగా ఇలా ఉంటుంది. లోయల వాలులలో ఒకే దిశగా సాగే సమాంతర గట్లు, వాటిని అడ్డంగా కోసి పొలాలుగా విడదీసే చిన్న గట్లు ఉంటాయి. ఈ సమాంతర గట్లన్నీ కొండ పైభాగాన ఒక పొడవైన అడ్డగట్టు దగ్గర ఆగిపోతాయి, దానినే టెర్మినల్ రీవ్ అంటారు. దానికి ఆవల పొలాలు లేవు, ఉమ్మడి మేత బీడు మాత్రమే ఉంది. ఇవి కాక, రెండు నదీ పరీవాహక ప్రాంతాల మధ్య మిట్ట వెంబడి పోయి ఒక సమూహపు మేతను మరొక సమూహపు మేత నుంచి వేరు చేసే గట్లున్నాయి. పడమటి వైపు సుమారు 10 కిలోమీటర్లు సాగే గ్రేట్ వెస్టర్న్ రీవ్ కొండ నడుము చుట్టూ తిరుగుతూ పై బీడును కింది భూమి నుంచి విడదీస్తుంది.

విశ్రాంత_సర్వేయరు

నేను రెవెన్యూ శాఖలో సర్వేయరుగా పనిచేసి విరమించిన వాణ్ని. పురావస్తు శాస్త్రం నాకు తెలియదు గాని గట్ల తగాదాలు బాగా తెలుసు. డార్ట్‌మీట్ దగ్గర సమాంతర గట్లు డార్ట్ నది లోయ అంచు దాకా వచ్చి, అంత నిటారైన లోయను లెక్కచేయకుండా అవతలి వాలులో మళ్లీ అదే దిశలో సాగుతాయని ఎక్కడో చదివాను. దీనిని చూపించి, వెనుక ఒక రాజో, ఒక పెద్దల సభో ఉండి మొత్తం ప్రాంతాన్ని ఒకేసారి కొలిపించి ఉండాలని కొందరంటారు. నేను ఒప్పుకోను.

తిన్నని గీతకు రాజు అక్కరలేదు. మూడు జెండా కర్రలు ఒకే చూపులో కలిసేలా పాతించి, ఎత్తు మీద ఒకడు నిలబడి చేయి ఊపుతూ ఉంటే, లోయ అవతలికి కూడా గీతను పొడిగించవచ్చు. మా ఉద్యోగాలలో మొదట నేర్పేది అదే. నేను అడిగేది వేరే ప్రశ్న. మొదటి గట్టును చూసి రెండోది, రెండోదాన్ని చూసి మూడోది వేస్తూ పోతే ప్రతిసారీ వచ్చే చిన్న తేడా పోనుపోనూ పెరిగి, ఆఖరి గీత దిశే మారిపోతుంది. అలా కాకుండా అన్నిటినీ ఆ టెర్మినల్ రీవ్ అనే మూలరేఖ నుంచి తీస్తే ఎక్కడి తేడా అక్కడే ఆగిపోతుంది. పటం మీద ఈ తేడా పేరుకుందా లేదా అన్నది ఎవరైనా చూశారా? పథకం ఉందో లేదో చెప్పేది అదే.

మట్టిగట్టు

సర్వేయరు గారూ, మీరు అడిగిన దాని చుట్టూనే ఈ రంగంలో పెద్ద వివాదం నడుస్తోంది. ఫ్లెమింగ్ వాదన ప్రకారం దిశను ముందే నిర్ణయించారు. వేల హెక్టార్ల మీద ఒకే దిశ నిలవాలంటే పక్కపక్క కుటుంబాలు తమలో తాము సర్దుకుంటే సరిపోదు, పెద్ద సమూహపు సమ్మతి కావాలి. ఆయన ఆ సమ్మతికి రాజును కాక, ఉమ్మడిగా బీడును అనుభవించే సమూహాన్ని కారణంగా చూపారు. ఈ మాటను ఆయన విమర్శకులు చాలామంది పట్టించుకోరు.

2005లో రాబర్ట్ జాన్‌స్టన్ దీనికి ఎదురు వాదన చేశారు. ఆయన దృష్టిలో అక్కడ పథకం లేదు, క్రమం మాత్రమే ఉంది. గట్లు కట్టకముందే ఆ నేలలో మనుషులు తిరిగేవారు, సమాధి రాళ్లగుట్టలుండేవి, పొలాల కోసం ఏరిన రాళ్ల కుప్పలుండేవి, ఎవరి వాడుక ఎంతవరకో అందరికీ తెలుసు. అలా తరాలుగా అలవాటైన దిశలోనే గట్లు ఒక్కొక్కటిగా పెరిగాయి. పటం చూస్తే రెండు వాదాలకూ ఆధారం దొరుకుతుంది. మొత్తం మీద దిశ నిలబడింది. కానీ గట్టుకూ గట్టుకూ ఎడం ఒకే తీరుగా లేదు, కొన్ని గట్లు మధ్యలోనే ఆగిపోయాయి, కొన్ని వంకర తిరిగాయి. ముందే కొలిచి వేసినవైతే ఎడం కూడా సమంగా ఉండేదని నా అభిప్రాయం. మీ భాషలో చెప్పాలంటే దిశకు మూలరేఖ ఉంది, భాగాలకు గొలుసు పట్టలేదు.

అనంత_రాళ్లసీమ

ఒక చిన్న సందేహం. రాయికి కార్బన్ తేదీ తీయలేరు కదా. గోడ క్రీ.పూ. 1600 నాటిదని ఎలా చెప్పారు?

మట్టిగట్టు

గోడ కిందా పక్కనా దొరికిన బొగ్గు, కర్ర, పీట్ మట్టి (తడి నేలలో పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న మొక్కల పొర) నుంచి తీశారు. ఈ విషయంలో రెండు తవ్వకాలు ముఖ్యం.

మొదటిది డార్ట్‌మూర్ నైరుతి అంచున ఉన్న షా మూర్. చీనామట్టి గనుల విస్తరణ వల్ల ఆ నేల పోతుందని తెలిసి, 1970 దశకం చివర జెఫ్రీ వెయిన్‌రైట్ నాయకత్వంలో ప్రభుత్వ తవ్వకం బృందం దిగింది. ఆమ్ల నేల కాబట్టి డార్ట్‌మూర్‌లో ఎముకలు మిగలవు, అందువల్ల అక్కడివారు ఏ పశువులను పెంచారో చెప్పడం చాలా కష్టం. కానీ శాడిల్స్‌బరో రీవ్ పక్కనున్న కందకం అడుగున, పీట్ కప్పేసిన బురదలో పశువుల గిట్టల ముద్రలు యథాతథంగా దొరికాయి. ఆవులవి, గొర్రెలవి, గుర్రాలవి విడివిడిగా గుర్తించగలిగారు. పుప్పొడి పరీక్షలో గడ్డి ఎక్కువగానూ ధాన్యపు పైర్లు చాలా తక్కువగానూ తేలడంతో, ఆ చుట్టుపక్కల గట్లు ప్రధానంగా పశువుల కోసమేనన్న అభిప్రాయం బలపడింది.

రెండోది ఫ్లెమింగ్ స్వయంగా తవ్విన హోన్ మూర్. అక్కడ రాతి గట్టు కింద, అదే వరుసలో, కర్ర గుంజలు పాతిన గుంటలు బయటపడ్డాయి. అంటే రాతి కంటే ముందు అదే గీత మీద కర్ర కంచె ఉండేది. కంచె పాతబడిన తరువాతనో, కర్ర దొరకనప్పుడో రాయి పేర్చారు. ఇది చిన్న సంగతి కాదు. మనం తేదీ కడుతున్నది రాతికి. ఆ గీత వయస్సు అంతకంటే ఎక్కువ. ‘ఒకేసారి కట్టారు’ అనేవారు, ‘మెల్లగా పెరిగింది’ అనేవారు ఇద్దరూ ఈ గుంటల దగ్గరికే వచ్చి తలో అర్థం చెబుతారు.

బూడిదదిబ్బ

గిట్టల ముద్రల మాట చదవగానే మన ఉట్నూరు గుర్తొచ్చింది. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు. అక్కడి బూడిద దిబ్బను 1957లో రేమండ్ ఆల్చిన్ తవ్వినప్పుడు, పేడ కాలిన బూడిద పొరల నడుమ పశువుల గిట్టల ముద్రలు కనబడ్డాయి. చుట్టూ కర్రల దడి పాతిన గుంటలు కూడా ఉన్నాయి. ఆ దిబ్బలు నవీన శిలాయుగపు పశువుల దొడ్లని, పోగుపడిన పేడను మళ్లీ మళ్లీ తగలబెట్టడం వల్ల అవి ఏర్పడ్డాయని ఆల్చిన్ తేల్చారు. క్రీ.పూ. 3వ సహస్రాబ్ది నాటివి. అంటే డార్ట్‌మూర్ గట్ల కంటే చాలా పాతవి. రాత లేకపోయినా, పశువు కాలి ముద్రే ‘ఇది మందల నేల’ అని చెప్పడం రెండు చోట్లా కనబడుతోంది. అయితే ఇక్కడ కూడా గట్లు ఉండేవా, కొట్టుకుపోయాయా అని ఆలోచిస్తున్నాను.

మట్టిగట్టు

పోలిక బాగుంది, కాని దానిని అక్కడితో ఆపాలి. ఉట్నూరు ఒక బిందువు, మందను రాత్రిపూట తోలి కట్టిన చోటు. రీవ్‌లు గీతలు, మంద పగలు ఎక్కడ మేయవచ్చో, ఎక్కడ మేయకూడదో చెప్పేవి. దొడ్డి కట్టినవారందరూ నేలను పంచుకోవలసిన అవసరం లేదు. మేతకు కొరత లేనంతకాలం గట్టు ఎందుకు? డార్ట్‌మూర్‌లో కొరత వచ్చిందో, హక్కుల తగవు వచ్చిందో, లేక కొత్తగా అడవి నరికిన నేల మీద ముందే హద్దు చెప్పుకోవలసి వచ్చిందో, మొత్తానికి ఆ అవసరం వచ్చింది. దక్కన్ ఎర్రనేలలో గట్లు ఉండి కొట్టుకుపోయాయని ఊహించడానికి ఆధారం చూపగలిగితే అప్పుడు మాట్లాడదాం.

ఎక్సెటర్_వాసి

ఇంతవరకు గట్ల సంగతి తేలింది. నేను మొదట అడిగిన బాటల సంగతి ఇంకా మిగిలే ఉంది.

పుంతదారి

ఆ భాగం నేను రాస్తాను. బాట అంటే ఒంటరి గట్టు కాదు, దగ్గరదగ్గరగా సాగే రెండు గట్ల మధ్య ఖాళీ. పంట పొలాల మీద పడకుండా మందను ఊరి నుంచి బీడుకు తోలుకుపోవడానికి రెండు పక్కలా అడ్డు కట్టిన డొంక అది. డార్ట్‌మూర్ సమాంతర పొలాల మధ్య ఇటువంటివి చాలా చోట్ల ఉన్నాయి. ఈశాన్యాన కెస్టర్ గుట్ట దగ్గర ఉన్నది చూడటానికి సులభం. రెండు వైపులా పెద్ద రాళ్లు నిలబెట్టిన డొంక పొలాల మధ్యగా వచ్చి రౌండ్ పౌండ్ అనే గుండ్రటి రాతి ఆవరణ దగ్గర పై బీడును కలుస్తుంది. 1950 దశకం మొదట్లో ఐలీన్ ఫాక్స్ ఆ ఆవరణను తవ్వినప్పుడు ఇనుము పని చేసిన ఆనవాళ్లు దొరికాయి. కంచుయుగపు పొలాల మధ్య ఉన్న చోటును తరువాతి వారు కూడా వాడుకున్నారన్నమాట.

డొంక ఎటు వెడల్పవుతుందో చూడాలని నేను అందరికీ చెబుతుంటాను. పొలాల మధ్య ఇరుకుగా ఉండి బీడు వైపు గరాటులా విచ్చుకుంటే, అది చెదిరి మేస్తున్న మందను పోగుచేసి లోపలికి తోలడానికి కట్టినది. మనుషుల కోసమే అయితే ఆ గరాటు అక్కరలేదు.

దీనికి తోడు ఇంగ్లండ్ తూర్పు భాగంలో, పీటర్‌బరో దగ్గరున్న ఫెన్‌గేట్‌ను తప్పక చూడాలి. అది చిత్తడి అంచు, అక్కడ రాయి లేదు. కాబట్టి గట్ల బదులు కందకాలు తవ్వారు. 1970 దశకంలో ఫ్రాన్సిస్ ప్రయర్ అక్కడ తవ్విన కంచుయుగపు పొలాలలో, రెండు కందకాల మధ్య డొంకలు మెరక నుంచి చిత్తడి అంచుకు నేరుగా దిగుతాయి. వేసవిలో నీరు తీసి గడ్డి మొలిచినప్పుడు మందను కిందికి తోలడానికి, నీరు పెరిగినప్పుడు పైకి తేవడానికి అవి పనికొచ్చేవి. ప్రయర్ స్వయంగా గొర్రెలు పెంచిన మనిషి కాబట్టి, తోటివారు ఇంటి ఆవరణలుగా చూసిన కొన్ని మూలలను గొర్రెలను వేరుచేసే ఇరుకు దారులుగా గుర్తించగలిగారు. కొండ మీద మేత పైనుంటుంది, చిత్తడిలో కిందుంటుంది. డొంక మాత్రం రెండు చోట్లా చేసే పని ఒకటే.

విశ్రాంత_సర్వేయరు

పుంతదారి గారు చెప్పిన దాన్ని బట్టి నాకు మరొకటి తోస్తోంది. గట్టును ఒక కుటుంబం తనంతట తాను కట్టుకోవచ్చు. డొంకను అలా వేయలేరు. రెండు పక్కల రైతులూ తమ నేలలో కొంత వదులుకుంటేనే డొంక ఏర్పడుతుంది. ఆ పై బీడు ఎవరి సొంతమూ కాకపోతేనే దానికి అర్థం ఉంటుంది. కాబట్టి సమష్టి నిర్ణయానికి రుజువు కావాలంటే తిన్నని గట్లలో కాకుండా డొంకలలో వెతకడం మంచిది. గట్టు కట్టిన తరువాత పొలంలో నుంచి డొంక తీశారా, లేక డొంక ముందుండి గట్లు దాని పక్కన చేరాయా అన్నది కలిసే చోట రాళ్ల పేర్పు చూస్తే తెలియాలి. ఏ గోడ మరో గోడకు ఆనుకుందో తవ్వితే తెలుస్తుంది.

మట్టిగట్టు

ఇది ఫ్లెమింగ్‌కు అనుకూలమైన మాటల్లోకెల్లా బలమైనదని నాకనిపిస్తోంది. జాన్‌స్టన్ పక్షం వారు మాత్రం, మంద నడిచి ఏర్పడిన పాత దారే మొదట ఉండేదని, ఎవరూ వదులుకోనక్కరలేదని, గట్లు దానిని తప్పించుకుని వచ్చాయని అనవచ్చు. మీరన్నట్టు కలిసే చోట్లను తవ్వి చూడాలి. అటువంటి చోట్లలో తవ్వినవి తక్కువ, తవ్వనివి చాలా ఎక్కువ.

మనుషుల గురించి కూడా ఒక మాట. 2011లో ఉత్తర డార్ట్‌మూర్‌లో వైట్‌హార్స్ కొండ మీది పీట్‌లో ఒక రాతి పెట్టె సమాధిని తెరిచారు. అందులో ఒక యువ వ్యక్తి దహనశేషాలు ఎలుగుబంటి చర్మంలో చుట్టి ఉన్నాయి. పక్కన అంబర్ పూసలు, అల్లిన బుట్ట, తగరపు బుడిపెలు పొదిగి ఆవు వెంట్రుకలతో అల్లిన పట్టీ, లేగచర్మం కుట్టిన నేత గుడ్డ దొరికాయి. దాని తేదీ సుమారు క్రీ.పూ. 1730, 1600 మధ్య. గట్లు కట్టిన తరానికి కొంచెం ముందో, ఆ తరమేనో. చనిపోయిన మనిషి పక్కన ఆవు వెంట్రుకా లేగచర్మమూ ఉన్నాయంటే, ఆ మనుషులకు మంద తిండి ఒక్కటే కాదని అనుకోవచ్చు.

అనంత_రాళ్లసీమ

మరి ఇంత శ్రమపడి కట్టినవారు ఎందుకు వదిలిపోయారు?

మట్టిగట్టు

క్రీ.పూ. 1000 నాటికి ఎత్తు ప్రదేశాలలో నివాసం చాలావరకు ఆగిపోయింది. వాతావరణం చల్లబడి తడి పెరగడం, చెట్లు పోయిన నేలలో సారం కిందికి కడుక్కుపోయి ఆమ్లగుణం పెరగడం, పీట్ కమ్ముకోవడం అనేవి సాధారణంగా చెప్పే కారణాలు. ఒక్క వర్షాన్నే తప్పుపట్టడం నాకు నచ్చదు, పశువుల మేత అలాగే సాగింది కదా. పైగా మూర్ తూర్పు అంచున నేటి రైతుల హెడ్జ్‌లు (పొదల కంచెలు) కొన్ని రీవ్‌ల గీత మీదనే ఉన్నాయి. హోన్ మూర్‌లో మధ్యయుగపు రైతులు పాత గట్లనే మళ్లీ వాడుకున్నారు.

ఎక్సెటర్_వాసి

అందరికీ ధన్యవాదాలు. ఆఖరి ప్రశ్న అడుగుతాను. మధ్యయుగపు గట్లు కూడా అక్కడే ఉన్నప్పుడు, నడుస్తూ పోయేవాడికి ఏది రీవో, ఏది తరువాతి గట్టో తెలిసే గుర్తు ఏమైనా ఉందా?

పుంతదారి

కొన్ని గుర్తులున్నాయి. మధ్యయుగంలో పొలాల చుట్టూ వేసిన కార్న్ డిచ్ అనే గట్టు బీడు వైపు నిటారైన రాతి ముఖంతో, దాని ముందు కందకంతో ఉంటుంది, పొలం వైపు మట్టి వాలు ఉంటుంది. డార్ట్‌మూర్ అప్పుడు రాజుగారి వేట అడవి. 1204లో జాన్ రాజు డెవాన్‌లో మిగతా భాగాన్ని అటవీ చట్టం నుంచి విడిచిపెట్టినా డార్ట్‌మూర్‌నూ ఎక్స్‌మూర్‌నూ విడవలేదు. జింకను పొలంలోకి రానీయకూడదు, వచ్చిన జింకను బయటికి పోనీయాలి. ఆ రెండు పనులకూ అనువైన ఆకారం అది. రీవ్‌కు ఇలా ఒక ముఖం ఎత్తు, ఒక ముఖం వాలు ఉండదు, రెండు వైపులా ఒకేలా జారి ఉంటుంది. తగరం పనివారు తవ్విన కాలువ గట్టును కోసుకుంటూ పోతే గట్టు ముందటిది, గట్టు మీద గుండ్రటి ఇంటి గోడ ఆనుకుని ఉంటే అనుమానమే అక్కరలేదు.

వేసవిలో వెళ్తే బ్రాకెన్ అనే ఫెర్న్ నడుము ఎత్తు పెరిగి అన్నిటినీ కప్పేస్తుంది. నవంబరు నుంచి మార్చి దాకా, పొద్దు వాలిన వేళ, కూంబ్‌స్టోన్ టోర్ దగ్గర కారు ఆపి డార్ట్ లోయ అవతల యార్ టోర్ వైపు చూస్తే సమాంతర గట్ల నీడలు కనబడతాయి. అక్కడి ఉమ్మడి బీళ్లలో కాలినడకన తిరిగే హక్కు 1985 చట్టం వల్ల అందరికీ ఉంది. కాకపోతే గట్లలో చాలావరకు రక్షిత కట్టడాలు, కాబట్టి రాయి కదపడం, మెటల్ డిటెక్టర్ వాడటం నేరమవుతుంది. పిల్లలను తీసుకువెళ్లేవారు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే రాళ్ల మీద రాళ్లు పేర్చాలని వారికి తప్పకుండా అనిపిస్తుంది.